పేరు ఎవరి సొత్తు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి పుచ్చుకొని, పంచాంగ శ్రవణము విని, ఎవరి ఆదాయ వ్యయములు వారు లెక్కవేసికొన్న తరువాత, భోజనములకు ముందు మా ప్రసంగము పెట్టినారు. పులిహోర వాసన వస్తూండగా పొడుగు ఉపన్యాసము చేయరాదని మాకూ తెలుసు. కాని కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమన్న విషయము క్యూబా దేశపు చుట్టల పేర్లను గురించి. కరపత్రములో అది చూచి మా ఇంట్లోనే నవ్వినారు. క్యూబా ఎక్కడ, సింధనూరు ఎక్కడ? పైగా మేము మెట్రిక్యులేషను చదివి రైల్వే పార్శిలు ఆఫీసులో గుమస్తాగిరీ చేసికొంటున్నవాళ్లము. చుట్ట త్రాగే అలవాటు కూడ మాకు లేదు. మా తాతగారికి ఉండేది. ఆయన దగ్గు ఇంకా మా చెవులలో ఉన్నది. అయినా ఈ విషయములో తలదూర్చవలసి వచ్చిన కారణము ఒకటి ఉన్నది. అది ముందు చెబుతాము.

1953లో తుంగభద్ర నీరు వదలిన తరువాత, ఎడమ కాలువ క్రింద భూములు కొనుక్కొని కోస్తా జిల్లాలనుండి మనవాళ్లు తరలివచ్చిన సంగతి ఇక్కడి పెద్దలకు చెప్పనక్కరలేదు. సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతములలో ఎన్నో క్యాంపులు వెలసినవి. అట్టి ఒక క్యాంపుకు తెనాలి తాలూకానుండి వచ్చిన ఒక పెద్దమనిషి సేద్యముతోబాటు ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్లు డబ్బాలకెత్తి అమ్మసాగినారు. డబ్బామీద తలపాగాతో ఆయన ఫోటో, దాని క్రింద ఆయన పేరు, ఆ క్రింద ఆయన స్వగ్రామము పేరు. హుబ్బళ్లి, సోలాపూరు, పూనాలలో ఉన్న మన తెలుగువారు ఆ తలపాగా చూచి డబ్బా కొనేవారు. ఆయనకు ఇద్దరు కొడుకులు. తండ్రిగారు పోయిన తరువాత పెద్దాయన స్వగ్రామము వెళ్లి అక్కడ పచ్చళ్ల పని పెట్టినారు. చిన్నాయన ఇక్కడే ఉండిపోయినారు. తలపాగా మాత్రము రెండుచోట్లా అచ్చయినది.

గత శ్రావణమాసములో సోలాపూరునుండి పన్నెండు డబ్బాలు మా పార్శిలు ఆఫీసుకు తిరిగివచ్చినవి. మూతలు సరిగా లేవని అక్కడి దుకాణదారు వాపసు చేసినాడు. ఏ అన్నదమ్ముని దగ్గర కొన్నాడో ఆయనకే జ్ఞాపకము లేదు. డబ్బామీద ఉన్న పేరు చూచి ఆ పేరుమీదనే బుక్ చేసినాడు. రశీదు తపాలాలో పోయినది. ఆ సమయానికి పెద్దాయన పొలము తగువు పనిమీద ఈ ఊరిలోనే ఉన్నారు. ఇద్దరూ వచ్చినారు. ఇద్దరూ సరుకు తమదే అన్నారు. మా రూలు తేలిక. రశీదు తెచ్చినవారికి సరుకు. రశీదు లేకుండా ఇద్దరు అడిగితే, ఇండెమ్నిటీ బాండు వ్రాసి ఇచ్చేవరకు సరుకును ఆపే అధికారము రైల్వేకున్నది. మేము ఆపినాము. ఆ తరువాత మా కౌంటరు ముందర జరిగిన మాటలు ఇక్కడ చెప్పరాదు.

పెద్దాయన వాదము ఇది: "నాన్న పుట్టిన ఊరిలో, ఆ నీళ్లతో, ఆ తోటల మామిడికాయతో నేను పెడుతున్నాను. డబ్బామీద ఉన్నది ఆ ఊరి పేరు. కనుక పేరు నాది." చిన్నాయన వాదము ఇది: "నాన్న ఈ పేరు పెట్టినది ఈ క్యాంపులో, ఈ వంటింటిలో. పాళ్లు తెలిసిన అమ్మ నా దగ్గరనే ఉన్నది. కనుక పేరు నాది." ఇద్దరూ పేరు రిజిష్టరు చేయించలేదు. ఆ ఏడు తండ్రిగారి తద్దినానికి పెద్దాయన రాలేదు. వారిద్దరి అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాము. ఇద్దరూ ఈ సభలో ఉన్నారు. ఎక్కడ కూర్చున్నారో వెతకవద్దని మా మనవి.

మాకు తెలిసిన ఒక వకీలుగారితో ఈ మాట చెప్పగా, "ఇది క్యూబా తగాదాయే సుమండీ" అని నవ్వినారు. కొన్ని తీర్పుల నకళ్లు కూడ ఇచ్చినారు. రాత్రి డ్యూటీలలో నిఘంటువు దగ్గర పెట్టుకొని వాటిని చదివినాము. అర్థమైనంతవరకు చెబుతాము.

క్యూబా ఒక ద్వీపము. దాని పడమటి కొసన పినార్ దెల్ రియో అను ప్రాంతమున్నది. అక్కడి ఎఱ్ఱమట్టిలో పండిన పొగాకు ప్రపంచములో మేలైనదని ప్రతీతి. మన గోదావరి లంకల ఒండ్రుమట్టిలో పండిన లంక పొగాకుకు ఒకప్పుడు బర్మాదాకా పేరు ఉండేది గదా, అట్లాంటి కథయే. హవానా పట్టణములోని కార్ఖానాలలో ఆ ఆకును చేతితో చుట్టేవారు. పనివారు చుట్టలు చుట్టుతూండగా ఒకరు ఎత్తైన పీటమీద కూర్చుండి వార్తాపత్రికలు, నవలలు పైకి చదివి వినిపించుట అక్కడి ఆచారము. ఆ విధముగా వినిన ఫ్రెంచి నవలమీది మక్కువతోనే మోంతెక్రిస్తో అను చుట్టకు ఆ పేరు వచ్చినదని అంటారు. రోమియో జూలియెట్ల పేరుతో కూడ ఒక చుట్ట ఉన్నది. పర్తగాస్, హెచ్. ఉప్‌మన్ అనునవి మరి రెండు ప్రసిద్ధమైన పేర్లు. మన ప్రక్క బురకథ వింటూ ఆకు గ్రేడింగు చేసికొన్న ఆడవాళ్లు ఉన్నారేమో మాకు తెలియదుగాని, ఈ పద్ధతి మాకు ఎంతో నచ్చినది. పార్శిలు ఆఫీసులో పెడితే బాగుండును.

1959లో అక్కడ విప్లవము వచ్చి కాస్ట్రో ప్రభుత్వము ఏర్పడినది. 1960 సెప్టెంబరు 15వ తేదీన ప్రభుత్వము పెద్ద చుట్టల కంపెనీలను స్వాధీనము చేసికొన్నది. పర్తగాస్ సిఫ్వెంతెస్ కుటుంబానిది. ఉప్‌మన్, మోంతెక్రిస్తో మెనెందెస్, గార్సియా కుటుంబాలవి. వారు దేశము విడిచి వెళ్లిపోయినారు. ఆకు, గోదాములు, బల్లలు, చుట్టేవారు అందరూ క్యూబాలోనే ఉన్నారు. యజమానులు సముద్రము దాటినారు. ఇప్పుడు పేరు ఎక్కడ ఉన్నట్లు?

అమెరికాలో ఈ చుట్టలు కొనే దిగుమతిదారులు కొంతకాలము హవానానుండి సరుకు తెప్పించుకొంటూనే ఉన్నారు. డబ్బు కార్ఖానాను నడుపుతున్న క్యూబా ప్రభుత్వపు అధికారులకు పంపినారు. పాత యజమానులు న్యూయార్కు కోర్టులో నిలబడి, "ఆ డబ్బు మాది, ఆ పేర్లు మావి" అన్నారు. మా కౌంటరు ముందర జరిగినదే. కోర్టు ఈ విధముగా విడగొట్టినది. స్వాధీనము తరువాత పంపిన సరుకు ధర క్యూబాకు. అంతకు పూర్వము పంపిన సరుకు ధర పాత యజమానులకు. అమెరికాలో రిజిష్టరైన పేర్లు మాత్రము పాత యజమానులవే. ఒక దేశప్రభుత్వము తన గడ్డమీది ఆస్తిని పట్టుకోవచ్చునుగాని, మరియొక దేశములో ఉన్న ఆస్తిని పట్టుకోజాలదని, పేరు కూడ అట్టి ఆస్తియేనని దాని భావము. 1972లో మొదలైన తీర్పు 1976లో సుప్రీం కోర్టుదాకా పోయినది. అక్కడ తేలవలసి మిగిలినది, దిగుమతిదారులు పాత సరుకుకు పొరపాటున క్యూబాకు కట్టిన డబ్బు సంగతి. మా వంటి గుమస్తాలకు దానిలో రుచి ఉన్నది. తప్పు చేతికి ఇచ్చిన డబ్బు ప్రపంచములో ఎక్కడైనా తిరిగిరావడము కష్టమే.

ఈలోగా 1962 ఫిబ్రవరిలో అధ్యక్షుడు కెన్నెడీ క్యూబాతో వర్తకమును నిషేధించినాడు. ఆ ఆజ్ఞమీద సంతకము పెట్టుటకు ముందురోజు సాయంత్రము తన కార్యదర్శి సాలింజరును పంపి ఊరిలో దొరికిన ఉప్‌మన్ చుట్టలు వేయికి పైగా కొనిపించుకొన్నాడని ఆ సాలింజరే తరువాత చెప్పినాడు. పెద్దవాళ్ల నిషేధములు ఇట్లా ఉంటవి.

నిషేధమువల్ల క్యూబా చుట్ట అమెరికాలో అడుగుపెట్టరాదు. పేరుకు మాత్రము నిషేధము లేదు. పాత యజమానులవద్ద పేరు కొనుక్కొన్న కంపెనీలు జమైకాలో, డొమినికన్ రిపబ్లిక్కులో, హోండురాసులో క్యూబా విత్తనము నాటి, క్యూబాలో పని నేర్చినవారిచేత చుట్టించి, అదే పేరుతో అమెరికాలో అమ్మినవి. అందుచేత పర్తగాస్ రెండు అయినవి. హవానాలో చుట్టినది అమెరికాలో తప్ప చాల దేశములలో అమ్ముడుపోవును; మరియొకటి అమెరికాలో అమ్ముడుపోవును. రెండింటిమీదా పేరు ఒకటే. ఒకదానికి మట్టి ఉన్నది. ఒకదానికి వంశము ఉన్నది.

పర్తగాస్ విషయములో వంశమైనా ఉన్నదిగదా. కోహీబా అను పేరు విషయములో అదీ లేదు. అది ఆ ద్వీపముల ఆదివాసుల భాషలో పొగాకుకు సంబంధించిన మాట. 1966 ప్రాంతములో కాస్ట్రోకు, విదేశీ అతిథులకు కానుకలకు ప్రత్యేకముగా చుట్టించిన చుట్టకు ఆ పేరు పెట్టినారు. 1982లో బజారులోనికి వచ్చినది. అంతకుముందే, 1978లో, జనరల్ సిగార్ అను అమెరికా కంపెనీ అమెరికాలో ఆ పేరుకు దరఖాస్తు పెట్టి 1981లో రిజిష్టరు చేయించుకొన్నది. క్యూబావారు 1997లో దావా వేసినారు. 2004లో క్రింది కోర్టులో గెలిచినారు. 2005లో పై కోర్టు దానిని త్రోసివేసినది. ఎందుకంటే, నిషేధపు నిబంధనల ప్రకారము క్యూబాకు అమెరికాలో అట్టి ఆస్తి సంక్రమించుటకే వీలులేదట! వీథి తలుపుకు గొళ్లెము పెట్టి, పిలిస్తే లోపలికి రాలేదేమని అడిగినట్లున్నది. అయినా వారు వదలలేదు. పేరు మాకు ఇవ్వకపోయినా సరే, వారి రిజిస్ట్రేషనునైనా కొట్టివేయండని మరియొక ద్వారమున వెళ్లినారు. 2014లో ఆ ద్వారము తెరుచుకొన్నది. 2022 డిసెంబరులో అమెరికా ట్రేడుమార్కు బోర్డు, 1929నాటి ఒక అమెరికా ఖండపు ఒడంబడికను ఆధారము చేసికొని జనరల్ సిగార్ వారి రిజిస్ట్రేషనును రద్దుచేసినది. కంపెనీవారు దానిమీద మళ్లీ కోర్టుకు వెళ్లినారు. లెక్క వేయండి: దావా వేసిననాటినుండి పాతికేళ్లు. అన్నదమ్ములలో ఎవరికైనా కోర్టు సరదా ఉంటే ఈ అంకెను జ్ఞాపకము పెట్టుకొందురుగాక.

ఇంతకూ క్యూబాదాకా పోనేల, మన హైదరాబాదులో ఇటువంటిది లేదా అని వకీలుగారిని అడిగినాము. ఉన్నది. అదీ పొగాకే.

రాయచూరు 1956 నవంబరు 1వ తేదీదాకా హైదరాబాదు రాష్ట్రములో ఉన్న జిల్లా. ఆ రోజులలో ఇక్కడి ప్రతి పానుడబ్బాలోను చార్మినార్ సిగరెట్టు ఉండేదని పెద్దలు చెబుతారు. దానిని తయారుచేసినది హైదరాబాదులోని వజీర్ సుల్తాన్ టుబాకో కంపెనీ. ఆ కంపెనీ చార్మినార్ అను పేరును రిజిష్టరు చేయించినప్పుడు సిగరెట్లకు అని వ్రాయించుకొనక, "తయారుచేసిన పొగాకు" అంతటికీ అని వ్రాయించుకొన్నది. చేసినది సిగరెట్లు మాత్రమే. అదే హైదరాబాదులో విష్ణుదాస్ కిషన్‌దాస్ అను వ్యాపారము జర్దా, కివాము తయారుచేసి చార్మినార్ పేరుతో అమ్మేది. వారు ఆ పేరు రిజిష్టరు చేయమని పోగా, ఆ గడి అంతా కంపెనీ పేరున ఉన్నదని అభ్యంతరము వచ్చినది. అప్పుడు వారు, కంపెనీవారు జర్దా ఎన్నడూ చేయలేదే, చేయనిదానికి పేరు పట్టుకొని కూర్చుండుట ఏమి న్యాయమని ఎదురు తిరిగినారు.

ఈ తగాదా సుప్రీం కోర్టుకు వెళ్లి 1996లో తీర్పు అయినది. పొగాకు అను పెద్ద గడిలో ఎన్నో సరుకులున్నవి. అందులో ఒకటి మాత్రమే చేయుచు, తక్కినవి చేసే ఉద్దేశ్యము లేనివాడు గడి అంతటినీ ఆక్రమించుకొనరాదు. కంపెనీ హక్కు సిగరెట్లవరకే అని కోర్టు చెప్పినది. మనము రైతు కుటుంబములవాళ్లము గనుక దీనిని ఇట్లా అనుకోవచ్చును. పట్టాలో నూరెకరములు వ్రాయించుకొని పదెకరములే దున్నినవానికి, తక్కిన తొంబదిలో ఎవరైనా నాగలి పెడితే అడ్డుచెప్పే హక్కు పలుచబడిపోవును. భూమి చట్టమును గూర్చి చెప్పుట లేదు, పేర్ల చట్టమును గూర్చి మాత్రమే. ఇంటికి వెళ్లి కౌలుదారులతో తగాదా పెట్టుకొనవద్దు.

చార్మినార్ కట్టినది 1591లో. సిగరెట్టువాడూ కట్టలేదు, జర్దావాడూ కట్టలేదు. ఈ ముక్క ఏ కోర్టులోను ఎవరూ లేవనెత్తినట్లు లేదు.

మన చట్టములో ఐదేళ్లకు పైగా వాడని పేరును రిజిష్టరునుండి తీసివేయమని అడుగవచ్చును. కాని వాడకపోవుటకు కారణము ప్రభుత్వపు ఆంక్షయే అయితే దానిని తప్పుగా ఎంచరు. ఆస్ట్రేలియాకు చెందిన హార్డీ కంపెనీకి స్పార్టన్ అను రంగుల పేరు మన దేశములో రిజిష్టరై ఉండేది. మద్రాసులోని అడిసన్స్ పెయింట్స్ వారితో దానికి వివాదము వచ్చినది. దిగుమతి ఆంక్షలవల్ల ఆస్ట్రేలియావారు సరుకు పంపలేకపోయినారు. అది వారి తప్పు కాదని 2003లో మన సుప్రీం కోర్టు అన్నది. అమెరికాలో క్యూబావారికి దక్కని మాట ఇదే. ఈ తీర్పు చదివినరోజు మాకు, ఎందుకో, మన దేశముమీద కొంచెము గర్వము కలిగినది.

ఇప్పుడు మన ఇండ్ల సంగతికి వస్తాము.

మనలో కొందరు గుంటూరునుండి మిరప విత్తనము తెచ్చి మాన్వి ప్రక్కన నాటినారు. చేసినవాడు గుంటూరువాడే, విత్తనము గుంటూరుదే, ఘాటు కూడ తక్కువేమీ కాదు. కాని గుంటూరు సన్నము అను పేరుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ గుర్తింపు మట్టికి, అక్కడ పండించేవారికి చెందినది. మనిషి ఊరు మారితే అది వెంట రాదు. సంచిమీద గుంటూరు సన్నము అని వ్రాసి ఇక్కడి పంటను అమ్మరాదు. బ్యాడగి మిరపకు 2011లో ఈ ప్రక్క అట్టి గుర్తింపే వచ్చినది. బందరు లడ్డుకు, బంగినపల్లి మామిడికి 2017లో వచ్చినది. మన ఇంటిలో బందరు మనుషులు చేసిన లడ్డును ఇంట్లో ఏమని పిలుచుకొన్నా ఎవరూ అడుగరు. దుకాణములో పెట్టి అమ్మినప్పుడు చిక్కు వచ్చును.

ఈ సంగతి క్రిందటి నెల క్యాంపులో చెప్పగా ఒక పెద్దాయనకు కోపము వచ్చినది. "మేము డెబ్బది ఏండ్ల క్రిందట బండ్లమీద విత్తనము మోసికొని వచ్చినాము. రేగడిలో కంప కొట్టినాము. ఇక్కడివారు మమ్మల్ని ఆంధ్రావాళ్లంటారు. అక్కడికి పోతే కర్ణాటకవాళ్లంటారు. ఇప్పుడు మా మిరపకాయకు కూడ ఊరు లేదంటావా?" అన్నారు. మాకు సమాధానము తోచలేదు. పైనుండి చూస్తే చట్టము సరియైనదే. గుంటూరు పేరు ఎవరు పడితే వారు వాడుకొంటే అక్కడి రైతు నష్టపోవును. ఆ రైతులలో మా మేనమామలు కూడ ఉన్నారు. అయినా ఆ పెద్దాయన మాట మమ్మల్ని ఆ రాత్రి నిద్రపోనీయలేదు.

మరునాడు డ్యూటీకి పోతూండగా ఒక లారీమీద బియ్యపు బస్తాలు చూచినాము. రాయచూరు సోనా మసూరి అని అచ్చు వేసి ఉన్నది. ఈ సోనా మసూరి పేరుతో బజారులో నడిచే సన్నబియ్యములో చాలభాగము బి.పి.టి. 5204 అను వంగడము. బి.పి.టి. అనగా బాపట్ల! అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రములో తయారై 1986లో విడుదల అయినది. దాని అసలు పేరు సాంబ మసూరి. ఆ మసూరి అనునది మన మైసూరు కాదు. మలేషియాలో పెంచిన మహసూరి అను వరి. మలేషియా పేరు బాపట్లకు వచ్చి, బాపట్ల వంగడము తుంగభద్ర నీటిలో పండి, బస్తామీద రాయచూరు పేరు వేసికొని పూనాకు, బొంబాయికి పోతున్నది. దుకాణములో కొనేవారికి రాయచూరు తెలుసు. కాటా దగ్గర ఉన్న దలాలికి బి.పి.టి. తెలుసు. బాపట్ల ఎవరికీ జ్ఞాపకము లేదు. పెద్దాయన దగ్గరకు వెళ్లి ఈ మాట చెప్పినాము. గుంటూరు పేరు ఇక్కడికి రాకపోతే పోయెను, రాయచూరు పేరు మీరు చేసినదే గదా అన్నాము. ఆయన కాసేపు ఊరుకొని, "బస్తామీద నా పేరు లేదుగా" అన్నారు. అదీ నిజమే.

ఊరి పేరును మనుషులు మోసికొనిపోవుట మన తెలుగువారికి క్రొత్త కాదు. మన ఇంటిపేర్లు ఎన్నో ఊళ్ల పేర్లే. త్యాగరాజస్వామివారి ఇంటిపేరు కాకర్ల. కాకర్ల అనేది ఒక ఊరు. ఆయన పుట్టినది తిరువారూరులో, జీవించినది తిరువయ్యారులో. ఆ కుటుంబము కావేరి ఒడ్డుకు చేరినా ఊరి పేరు వదలలేదు. ఏ రిజిష్ట్రారూ అభ్యంతరము చెప్పలేదు. మా ఇంటిపేరు కూడ ఒక ఊరి పేరే. ఆ ఊరిని మేము రెండుసార్లు చూచినాము. రెండవసారి దారి అడుగవలసి వచ్చినది.

ఇక ఆ పచ్చడి డబ్బాలు.

అన్నదమ్ములిద్దరినీ వెంటబెట్టుకొని వకీలుగారి వద్దకు వెళ్లినాము. రిజిష్టరు చేయించని పేరుకు కూడ చట్టములో రక్షణ ఉన్నదని, ఒకరి సరుకును మరొకరి సరుకుగా చెలామణి చేయుటయే నేరమువంటిదని ఆయన మొదట చెప్పినారు. ఇక్కడ ఎవరు ఎవరిదిగా చెలామణి చేస్తున్నారు అన్నదే ప్రశ్న. అప్పుడు పెద్దాయన ఒక ఉపాయము చెప్పినారు: "ఆంధ్ర, తెలంగాణ నాకు, కర్ణాటక, మహారాష్ట్ర తమ్మునికి. గీత గీసేద్దాము." అందరికీ న్యాయముగా తోచినది. వకీలుగారు తల అడ్డముగా ఊపినారు. మన 1999 చట్టము ప్రకారము, ఒకే పేరుమీద ఒకే రకము సరుకుకు ఒకచోట ఒకరికి, మరొకచోట మరొకరికి ప్రత్యేక హక్కు వచ్చేటట్లు దేశమును పంచి పేరు బదిలీ చేసికొనుట సాధారణముగా చెల్లదు. రిజిష్ట్రారు ప్రత్యేకముగా ఒప్పుకొంటే తప్ప. కొనేవాడు మోసపోకుండా ఉండుటకు ఆ కట్టుబాటు. పర్తగాసుకు సముద్రము, నిషేధము అడ్డము ఉండబట్టి రెండు ముక్కలై నిలిచినది. తెనాలికీ సింధనూరుకూ నడుమ నిషేధము లేదు, రోజూ బస్సులు, రైళ్లు ఉన్నవి. సోలాపూరు దుకాణదారుకు కలిగిన తికమక రేపు పూనాలోను కలుగును.

మరి దారి ఏమిటంటే, ఇద్దరూ కలిసి ఒకే భాగస్వామ్యముగా పేరును రిజిష్టరు చేయించి ఇద్దరూ దాని క్రింద చేయుట. లేదా ఒకరు పేరు ఉంచుకొని మరొకరికి అనుమతి ఇచ్చుట. లేదా ఒకరు తలపాగా వదలి క్రొత్త పేరు పెట్టుకొనుట. మూడవది ఎవరూ వినిపించుకోలేదు. మొదటిదానికి ఇద్దరి పచ్చడి రుచి ఒకటిగా ఉండాలి అని వకీలుగారు అన్నారు. "అది అమ్మ చెప్పాలి" అని చిన్నాయన అన్నారు. పెద్దాయన కిటికీవైపు చూచినారు.

ఆ ఆదివారము క్యాంపులో ఆమె ముందర రెండు గిన్నెలు పెట్టినారు. మేమూ ఉన్నాము. ఆమెకు ఇప్పుడు ఎనుబది దాటినవి, కళ్లు సరిగా కనబడవు. ఏ గిన్నె ఎవరిదో చెప్పలేదు. మొదటిది నాలుకకు రాసుకొని, "ఆవపిండి ఎక్కువ" అన్నది. రెండవది రుచి చూచి, "ఉప్పు ఎక్కువ" అన్నది. తరువాత, "ఈ మొదటి కాయ మన చెట్టుది కదూ?" అని అడిగినది. అది పెద్దాయన గిన్నె. తెనాలిదగ్గర ఆ ఇంటి వెనుక ఉన్న చెట్టు. ఆమె దానిని చూచి ఎన్నేండ్లయినదో లెక్కవేసి చెప్పగలవాళ్లు అక్కడ లేరు.

బాండు మొన్న సోమవారము వ్రాసినారు, ఇద్దరి సంతకాలతో ఒకటే బాండు. వార్ఫేజి సగము సగము కట్టినారు. రిజిష్ట్రారుకు దరఖాస్తు ఇంకా పంపలేదు. డబ్బామీద తండ్రిగారి పేరు క్రింద స్వగ్రామము పేరు ఒకటే వేయాలా, క్యాంపు పేరు కూడ వేయాలా అన్నచోట ఆగినది. పన్నెండు డబ్బాలను మా ఆఫీసు వరండాలోనే చెరి ఆరు పంచుకొన్నారు. అందులో ఒకటి కారి నూనె అంతా నేలపాలైనది. అది ఎవరి ఆరులో వేయాలో తేలక అక్కడే వదలిపెట్టి వెళ్లినారు. మా పోర్టరు రోజూ అడుగుతున్నాడు. అన్నగారుగాని, తమ్ముడుగారుగాని భోజనముల తరువాత ఒకసారి మమ్మల్ని కలుసుకోవలెనని కోరుతున్నాము.

సెలవు.